ఖాళీ గూడును మొదట పెట్టిన పిల్ల

ఒక నవ్వును పాతికేళ్ళకు పైగా మోస్తున్నాను. నవ్వుకు బరువేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఒక్క క్షణం వచ్చి పోయిన నవ్వు, పంటి కింద నొక్కేసిన నవ్వు. దాన్ని మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. దేవుడి ముందు దీపం పెట్టి కూర్చున్నప్పుడు కూడా ఆ విషయం దాకా వచ్చి మాట మార్చేసేదాన్ని. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నా పేరు మాత్రం అడగకండి.

మొన్న ఒక పత్రికలో చదివాను. యూరప్‌లో రోమా అనే జనం ఉన్నారట. ఎప్పుడో మన వైపు నుంచే అటు వెళ్ళారని, మా లంబాడీలకూ వాళ్ళకూ చుట్టరికం ఉందని కొందరంటారు, లేదని కొందరంటారు. అదంతా నాకు తెలియదు. వాళ్ళను ఊరి బయట ఉంచేవారని, వాళ్ళ పిల్లలు బడి భాషలో జవాబు చెప్పలేకపోతే మందబుద్ధి అని రాసి వేరే బడుల్లో వేసేవారని అందులో ఉంది. చదువుతూ చదువుతూ పత్రిక మడిచి పక్కన పెట్టేశాను. అక్కడ పరీక్ష పెట్టినవాళ్ళకు ఆ పిల్లల భాష రాదు కదా, పోనీ అనుకోవచ్చు. నాకు వచ్చు. నాకు వచ్చి కూడా అదే పని చేశాను.

నేను లంబాడీ పిల్లను. దేవరకొండ వైపు ఒక తండాలో పుట్టాను. నాకు ఆరేళ్ళప్పుడు మా తండాకు సైకిలు మీద ఒక సంఘసేవకురాలు వచ్చేది. అందరిలా పిల్లల్ని బడికి పంపండి అని చెప్పి పోయే రకం కాదు. మా గడపలో చతికిలబడి, నీళ్ళను మీరేమంటారు, ఆవును ఏమంటారు అని నన్నే అడిగి, మా లంబాడీ భాష, గోర్ బోలీ మాటలు ముందు తను నేర్చుకుంది. తప్పుగా పలికితే నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆ తరువాతే తన తెలుగు మాటలు నాకు నేర్పింది. గిరిజన హాస్టల్లో చేర్పించింది కూడా ఆవిడే. నేను టీచర్నయ్యానంటే అది ఆవిడ చలవే.

హైదరాబాదులో బి.ఇడి. చదువుతున్నప్పుడు మా ఆయన పరిచయమయ్యారు. ఆయన ఇంజనీరు, తెనాలి వైపు వారు. నా సంగతి ఆయనకు తెలుసు, ఆయన తల్లికి తెలియదు. హాస్టల్లో పెరిగిన అనాథ అని, తమవాళ్ళ పిల్లేనని ఆవిడకు చెప్పి పెళ్ళి చేసుకున్నారు. మా యాడి, అంటే మా అమ్మ, తండాలో బతికుండగానే నేను అనాథనైపోయాను. అది ఇంకో తప్పు. ఈ రోజు దాని జోలికి పోను, రెండూ కలిపి ఎత్తుకోలేను.

తొంభైల మధ్యలో మేం ఖతర్ దేశంలో, దోహాలో ఉండేవాళ్ళం. అల్ దోహా అల్ జదీదా అనే పేటలో, కింద బట్టల కొట్లు, పైన మా ఫ్లాటు. అత్తగారు మా దగ్గరే ఉండేవారు. మధ్యాహ్నమైతే కొట్ల షట్టర్లు దించేసి ఊరు ఊరంతా నిద్రపోయేది. కిటికీ ఏసీ హోరు తప్ప ఇంకో చప్పుడుండేది కాదు. ఆ హోరులో పడుకుంటే నాకు తండా కలలోకి వచ్చేది. కలలో సముద్రం మా జొన్న చేల దాకా వచ్చి ఆగేది, యాడి దాని ఒడ్డున కూర్చుని రొట్టెలు తట్టేది, అందరూ మా మాటే మాట్లాడేవారు. ఒక రోజు మా అత్తగారు, నిద్రలో హిందీ ఎంత బాగా మాట్లాడుతున్నావే, ఎప్పుడు నేర్చుకున్నావు అని మెచ్చుకున్నారు. ఆ తరువాత ఆవిడ పడుకుంటే గానీ నేను పడుకునేదాన్ని కాదు, ఆవిడ లేచేలోపు లేచి కూర్చునేదాన్ని. నవ్వొస్తోందా? నాకూ ఇప్పుడు వస్తోంది. అప్పుడు మాత్రం రాలేదు.

అక్కడి భారతీయుల బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. కొత్తగా చేరే పిల్లలకు చిన్న పరీక్ష ఉండేది. సీట్లు తక్కువ, వచ్చేవాళ్ళు ఎక్కువ. హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ కేరళ ఆవిడ, మంచి మనిషి. తెలుగు పిల్లలు వస్తే నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. పాపం, ఇంగ్లీషుకు భయపడి బిగుసుకుపోతే తెలుగులో అడగండి, మీకు అర్థమైంది నాకు చెప్పండి అనేవారు. అంటే నా పనే అది. పిల్లల మాట విని, అది సరైన జవాబో కాదో చెప్పడం.

ఆ రోజు పొద్దుటి నుంచీ దుమ్ము గాలి. కిటికీ బయట బడి గోడ, ఖర్జూరం చెట్లు, బస్సులు అన్నీ పసుపు నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి. దరఖాస్తు కాగితం మీద తండ్రి పేరు సక్రూ నాయక్ అని చూశాను. ఊరి పేరు మా తండాకు అట్టే దూరం కాదు. దోహాకు దూరంగా, ఫ్యాక్టరీలుండే మెసయీద్‌లో ఫోర్‌మన్. చాలా ఏళ్ళు పనివాళ్ళ క్యాంపులో ఒంటరిగా ఉండి, ప్రమోషన్ వచ్చాక కంపెనీ క్వార్టర్ దొరికితే భార్యనూ కూతురినీ తెచ్చుకున్నాడు. వాళ్ళు వచ్చి రెండు నెలలు. తలుపు సందులోంచి ఆ తల్లి కనిపించింది. చేతుల నిండా పచ్చబొట్లు, మా యాడికి ఉన్నట్టే. నేను కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నాను.

పిల్ల పేరు సోనా. ఆరేళ్ళు. రెండు జడలు, కొత్త గౌను, చెంపల మీద ఆరిన చెమట చారలు. మేడమ్ నాలుగు బొమ్మలు బల్ల మీద పరిచారు. గూట్లో గుడ్లు. గూట్లో నోళ్ళు తెరిచిన పిల్లలు. ఎగిరిపోతున్న పిల్లలు, కొమ్మ మీద ఒక పెద్ద పిట్ట. ఖాళీ గూడు. వీటిని వరసగా పెట్టి కథ చెప్పమని నేను తెలుగులో అడిగాను. మా జవాబు కాగితంలో ఖాళీ గూడు చివర రావాలి. సోనా ఖాళీ గూడును తీసి మొదట పెట్టింది. మేడమ్ పెన్సిలుతో తప్పు గుర్తు వేశారు.

అప్పుడు ఆ పిల్ల కథ చెప్పడం మొదలుపెట్టింది. తెలుగులో కాదు. మా మాటలో. ఎన్నేళ్ళయిందో మెలకువలో ఆ మాట విని. గదిలో ఫ్యాను తిరుగుతోంది, బయట గాలి గోల పెడుతోంది, నేను కలలో ఉన్నానో కుర్చీలో ఉన్నానో తెలియలేదు. ఆ పిల్ల చెప్పింది ఇదీ. మొదట ఇల్లు. లోపల ఎవరూ లేరు. బాపు ఒక్కడే కట్టాడు, చాలా రోజులు కట్టాడు. కట్టాక యాడిని రమ్మన్నాడు. యాడి వచ్చి గుడ్లు పెట్టింది. పిల్లలు పుట్టారు. ఇంట్లో చోటు చాల్లేదు, అందుకని బాపు కొమ్మ మీద పడుకున్నాడు. డ్యూటీ నుంచి వచ్చాడు కదా, కూర్చునే నిద్రపోయాడు. ఆయన గురకకు భయపడి పిల్లలు ఎగిరిపోయారు.

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. సోనా చటుక్కున తలెత్తి నా ముఖం చూసింది. దాని కళ్ళు ఎంత విప్పారాయో మీకెలా చెప్పను? ఈ దేశం వచ్చాక ఇంటి బయట తన మాట అర్థమైన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. అది నా వైపు జరిగి, ఇంకా ఏదో చెప్పబోయింది. నేను తల వంచుకుని కాగితాలు సర్దాను.

ఇది తెలుగేనా, హిందీలా కూడా లేదే, ఏమంటోంది అని మేడమ్ అడిగారు. కాదు మేడమ్, అర్థం లేని మాటలు అన్నాను. అని ఊరుకోలేదు. కాగితం మీద నా చేత్తోనే రాశాను. అడిగింది గ్రహించలేకపోతోంది, వరస తెలియదు, తరగతికి సిద్ధంగా లేదు. మూడు ముక్కలు. చేతిరాత చాలా అందంగా వచ్చింది, అది కూడా గుర్తుంది.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందనా? పోదు. నాకు ఆ భాష ఎలా వచ్చని మేడమ్ అడిగితే? సాయంత్రానికి టీచర్లకు, శుక్రవారం సెలవుకు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో, ఆ తరువాత మా అత్తగారి చెవిలో. నా కళ్ళ ముందు అదంతా గబగబా తిరిగింది. కానీ ఇప్పుడు ఆలోచిస్తే, చిన్నప్పుడు మా ఊరి పక్క తండా ఉండేది, నాలుగు మాటలు వచ్చు అంటే సరిపోయేది కదా. ఎవరూ తవ్వి అడిగేవారు కాదు. నన్ను కాపాడుకోవడానికి అన్ని అబద్ధాలు ఆడినదాన్ని, ఆ పిల్ల కోసం ఇంకొక్కటి ఆడలేకపోయాను.

సోనాకు సీటు రాలేదు. అంతటితో అయిపోయి ఉంటే, భయంలో చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకునేదాన్నేమో. అయిపోలేదు.

నెల దాటాక, ఒక సాయంత్రం మా వీధిలో కూరగాయల కొట్టు ముందు సక్రూ నాయక్ కనిపించాడు. చేతిలో ఖాళీ అట్టపెట్టె, తాడు. నన్ను చూసి దగ్గరకు వచ్చాడు.

"నమస్తే టీచరమ్మా. యాదికున్ననా? మెసయీద్ నుంచి మా పిల్లను తీస్కొచ్చిన."

"గుర్తున్నారండీ. పాప బాగుందా?"

"తల్లీపిల్లను ఇంటికి పంపిన. పోయి వారమయింది. బడి లేకుంట ఈడ నాలుగు గోడల మధ్యల ఉండి ఏం జేస్తది? క్వార్టర్ గూడ వాపస్ ఇస్తున్న. మళ్ళ క్యాంప్‌కే పోత."

"వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నించొచ్చు కదా."

"ఇంకేం ప్రయత్నం టీచరమ్మా. మీరు రాసింది ఆఫీసుల సదివి చెప్పిండ్రు. మీ తప్పేం లేదు. నేనే హుషారు పిల్ల అనుకున్న. తండ్రిని గద, నాకట్లనే అనిపిస్తది. సదువుకున్నోళ్ళు చూసి చెప్పినంక తెలిసింది."

నేను సంచీలో చిక్కుడుకాయలు సర్దుకుంటున్నాను. సర్దినవే మళ్ళీ సర్దుతున్నాను.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు," అన్నాడు. "టీచర్ నవ్వింది బాపూ, నా మాట ఆమెకు తెలుసు అంటది పిల్ల. మా లంబాడీ మాట."

ఇదిగో, ఇక్కడ. ఈసారి మేడమ్ లేరు. పక్కన తెలుగువాళ్ళు ఎవరూ లేరు. కొట్టువాడికి మేం ఏం మాట్లాడుకుంటున్నామో తెలియదు. ఒక నెల రోజులు ఆలోచించుకునే సమయం కూడా దొరికింది నాకు.

"లేదండీ. పిల్లలు మాట్లాడుతుంటే ఊరికే నవ్వొస్తుంది," అన్నాను.

"నేను గదే చెప్పిన. టీచరమ్మకు మన మాట ఎట్లొస్తది బిడ్డా అని. ఇనదు. తెలుసు, తెలుసు అంటది. అబద్దాలు నేరుస్తున్నవా అని ఒక దెబ్బ గూడ ఏసిన. ఎన్నడు దాని మీద చెయ్యి ఏయలే. ఇప్పుడు బాధయితున్నది." అట్టపెట్టెను చంకన పెట్టుకున్నాడు. "యల్లా, బస్సు పోతది. పోయొస్త టీచరమ్మా."

నేను ఇంటికి వచ్చి చిక్కుడుకాయ కూర వండాను. అందరం తిన్నాం. ఉప్పు ఎక్కువైందని కూడా ఎవరూ అనలేదు.

చాలా ఏళ్ళ తరువాత, హైదరాబాదు వచ్చేశాక, మా అత్తగారికి నిజం తెలిసింది. నేనే చెప్పాను. ఎనిమిది రోజులు మాట్లాడలేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే కాఫీ అడిగారు. అంతే. నేను భయపడి చచ్చిన ప్రళయం ఎనిమిది రోజులు. దాని కోసం ఒక ఇల్లు ఖాళీ చేయించాను. ఒక తండ్రి తన బిడ్డను చూసే చూపు మార్చేశాను. ఆ పిల్లకు తన చెవుల మీద, తన కళ్ళ మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. బడి పోతే ఇంకో బడి దొరకొచ్చు. ఇది ఎక్కడ దొరుకుతుంది?

సోనాకు ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. చదువుకుందో లేదో తెలియదు. వెతికారా అని మీరు అడుగుతారు. లేదు. ఊరి పేరు తెలుసు, బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పాలి అని నన్ను నేను అడుగుతాను, జవాబు తెలిసి కూడా తెలియనట్టు ఊరుకుంటాను. ఈ ఊరుకోవడం నాకు బాగా అలవాటైన పని.

ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పడితే ఆ గది వస్తుంది. పసుపు వెలుతురు, ఫ్యాను, బల్ల. ఆ పిల్ల గౌను సర్దుకుని కథ చెబుతూ ఉంటుంది. ఒక్కోసారి గూడు మా తండా అంత పెద్దదిగా ఉంటుంది, ఒక్కోసారి సముద్రం మీద తేలుతుంటుంది. గురక దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వొస్తుంది. కలలో కూడా నేను పళ్ళు బిగబట్టుకుని నవ్వకుండా కూర్చుంటాను. కలలో ఎవరికి భయపడుతున్నానో నాకే తెలియదు.

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు, పాపం. ఇదంతా రాసేసరికి మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా అందుతోంది, ఆ తేలిక కూడా నాకు తగనిదేమో అనిపిస్తోంది. ఆ రోజు కొట్టు ముందు సక్రూ నాయక్‌కు చెప్పాల్సిన మాట ఒక్కటే. అది ఇన్ని పేజీల తరువాత ఇప్పుడు రాస్తున్నాను. మీ అమ్మాయి తెలివైనది. ఖాళీ గూడు మొదటే రావాలి. ఆమె అబద్ధం ఆడలేదు. ఆ టీచరుకు మీ మాట తెలుసు.