కోటయ్య రెండు గొట్టాల సన్నాయి

రోమన్ సామ్రాజ్యం కూలిపోవడానికి కారణం ఒక్కటే: చిలకలూరిపేట కోటయ్య అప్పటికింకా పుట్టలేదు. పుట్టి ఉంటే, ఆయన ఊదిన ఊదుడుకి శత్రువులు పొలిమేరలోనే చెవులు మూసుకుని వెనక్కి పరుగెత్తేవాళ్లు. అమెరికాలోని షామ్‌బర్గ్‌లో పదో తరగతి చదివే ఆయన మనవరాలు హంసిక ఈ మాట ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతుంది. ఇది రాస్తున్నదీ ఆ పిల్లే.

నిజానికి కోటయ్య జీవితమంతా ఊదింది ఒకే ఒక్క స్వరం. పెళ్లిళ్లలో అసలు సన్నాయి వాళ్ల అన్నది. పక్కన కూర్చుని శ్రుతి పట్టడం ఈయన పని. శ్రుతి సన్నాయికి రంధ్రాలుంటాయి గానీ మైనంతో పూడ్చేసి ఉంటాయి. అన్న రాగం తీస్తుంటే తమ్ముడు బుగ్గలు బూరెల్లా పొంగించి, ముక్కుతో గాలి పీల్చుకుంటూ, గంటల తరబడి ‘సా’ పట్టుకుని ఉండాలి. కీర్తనలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఒక్కసారి నలుగురి ముందు వాయించాలని ఆశ. వాయించమన్నవాడే లేడు. చివరికి కరెంటు శ్రుతిపెట్టె వచ్చి ఆ ‘సా’ కూడా లాగేసుకుంది.

ఆరు నెలలు ఉందామని కూతురు రాగిణి ఇంటికొచ్చిన కోటయ్యకి, ఒకరోజు హంసిక బల్ల మీద జంట గొట్టాలు కనబడ్డాయి.

“ఇదేందే, ఒక మనిషికి రెండు సన్నాయిలా?”

“టిబియా తాతయ్యా. పాత రోమన్స్‌ది. రెండూ నోట్లో పెట్టుకుని ఒకేసారి బ్లో చెయ్యాలి. స్కూల్‌లో మా లాటిన్ క్లబ్ వాళ్లం తయారు చేశాం. ఎవరు ఊదినా ఉమ్మే వస్తుంది.”

“పీక ఇట్టా కోస్తే ఉమ్ము గాక ఇంకేం వస్తది?”

గొట్టాల కొసన ఊదడానికుండే రెల్లు పీకలు రెండూ గీకి సన్నం చేసి, నోట్లో నానబెట్టి ఊదాడు. ఇల్లు దద్దరిల్లింది.

“నాన్నా! మీటింగ్‌లో ఉన్నాను!” అని పైనుంచి రాగిణి కేక.

సంగతి విన్న లాటిన్ టీచర్ ఎగిరి గంతేసింది. క్లబ్ పిల్లలు రోమన్ పూజ ఒకటి ఆడి చూపించబోతున్నారు. తాతయ్య వచ్చి వెనకాల ఒక్క స్వరం పట్టుకుంటే చాలంది. అడ్డదిడ్డంగా మోగకుండా హంసిక రెండు గొట్టాల రంధ్రాలన్నిటికీ టేప్ అంటించేసింది.

కోటయ్య మొహం వాడిపోయింది. “ఇన్ని సముద్రాలు దాటొచ్చినా ‘సా’ యేనా?”

“జస్ట్ బ్యాక్‌గ్రౌండ్ తాతయ్యా. ప్రేయర్ అప్పుడు చెడ్డ సౌండ్ ఏదీ వినపడకూడదని రోమన్స్ ప్లే చేయించేవాళ్లంట.”

“అట్టా చెప్పు! అది గట్టిమేళమేగా! తాళి కట్టేటప్పుడు ఎవడన్నా తుమ్మినా వినపడకుండా మేం వాయించేది అదే.”

హంసిక ఫోన్‌లోంచి తలెత్తకుండా “ఆఁ, అదే” అంది. అక్కడే పప్పులో కాలేసింది.

శనివారం స్కూల్ జిమ్ నిండా తల్లిదండ్రులు. దుప్పట్లు చుట్టుకున్న రోమన్లు. కుర్చీ వద్దని, పంచె సర్దుకుని చాప మీద బాసింపట్టు వేశాడు కోటయ్య. టీచర్ మంత్రం మొదలుపెట్టింది. వెనక ‘సా’ బుద్ధిగా సాగుతోంది. సగం మంత్రం అయ్యిందో లేదో, మూడో వరసలో ఒకాయన పైకప్పు ఎగిరేలా తుమ్మాడు.

ఎడమ గొట్టం ఆగలేదు. కుడిచేతి గోరు మాత్రం కుడి గొట్టం మీది టేప్‌ని సర్రున చీరేసింది. ఆ వెంటనే గట్టిమేళం! టీచర్ పెదవులు కదులుతున్నాయి, ఒక్క ముక్క వినబడితే ఒట్టు. ఆవిడ చదవడం మానేసి, కాగితం మడిచి వింటూ నిలబడింది. కోటయ్య గట్టిమేళం దించి కీర్తన ఎత్తుకున్నాడు. కళ్లు మూసుకుని, మూడు చరణాలూ పూర్తిచేసి గానీ వదల్లేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కార్‌లో హంసికకి నోరు ఊరుకోలేదు. “నిజం చెప్పనా తాతయ్యా? రెండు చోట్ల మిస్టేక్ చేశావ్.”

“చేస్తే చేశా. నలభై ఏళ్లు మా అన్న తప్పులకి శ్రుతి పట్టా. ఇవి నా తప్పులు, నువ్వు ముట్టుకోమాక.”