రెండు దిబ్బల చలి

నాలుగు వైపులా నీళ్లున్న భూమిని ద్వీపం అంటారని బడిలో చెప్పారు. మంచిర్యాల దగ్గర గోదావరిలో మాకు అలాంటివి రెండు ఉండేవి. వానాకాలం అవి కనబడవు. నీళ్లు తగ్గాక రెండు ఇసుక దిబ్బలు తేలేవి. ఒకటి ఉత్తరాన ఆదిలాబాద్ జిల్లా ఒడ్డుకు దగ్గర, ఇంకొకటి దక్షిణాన కరీంనగర్ జిల్లా ఒడ్డుకు దగ్గర. రెండింటికీ మధ్య మోకాలి లోతు పాయ. ఇటు నుంచి పిలిస్తే అటు పలికేవారు.

డెబ్బైల చివర్లో మా అక్క, బావ మొదటిసారి ఆ ఇసుకలో తర్బూజ, అంటే పుచ్చకాయ, వేయాలనుకున్నారు. ఇసుకలో గుంతలు తీసి, ఎరువు వేసి, విత్తనం పెట్టి, చలికాలం నుంచి ఎండాకాలం దాకా దిబ్బ మీదే గుడిసె వేసుకుని ఉండాలి. కాయలు దిగితే నస్పూర్ గని కార్మికుల వాడల్లో అమ్ముడుపోయేవి. దిబ్బల మీద పట్టా ఎవరికీ లేదు. ముందుగా వెళ్లి తంగేడు కొమ్మ నాటినవాళ్లదే ఆ ఏడాదికి ఆ దిబ్బ. ఒకసారి నాటాక పీకి ఇంకోచోట నాటడం ఉండదు. అలా చేసినవాళ్లకు మరుసటేడు ఎవరూ చోటివ్వరు.

అక్కకు ఏడాది నిండని ఆడపిల్ల. పుట్టినప్పటి నుంచి దానికి సర్ది తగ్గేది కాదు. పిల్లను దిబ్బకు తీసుకుపోవాలని అక్క, ఊళ్లో తన దగ్గరే ఉంచుకోవాలని అక్క అత్త. నాలుగైదు నెలలు పిల్లను వదిలి ఉండడం అక్కకు సాధ్యమయ్యే పని కాదు. అత్త మాట కాదనడం అంతకన్నా కష్టం.

"అద్లాబాద్ చలి సంగతి ఎర్కలేదా కొడుకా?" అంది అత్త బావతో. "పేపర్ల రోజు రాస్తలేరా? గా ఒడ్డు దిబ్బ మీద పండవెడితే పిల్ల తెల్లారేసరికి కట్టెవడ్తది."

"అయితె కరీంనగర్ దిక్కుదే పడ్త తియ్యే అవ్వా. జర ఊకో."

"గది పడ్తెనే పిల్లను పంపుత. నేనొచ్చి చూస్త. సర్ది కనవడ్డదా, ఎత్తుకొస్త."

బావ నా వైపు తిరిగాడు. "ఏమంటవ్ బామ్మర్ది? నువ్వు పేపరోనివి గదా."

అప్పుడు నేను ఒక దినపత్రికకు మంచిర్యాల నుంచి వార్తలు రాస్తున్నాను. చలికాలం వస్తే ఆదిలాబాద్ వణుకుతోందని, ఎండాకాలం వస్తే కరీంనగర్ జిల్లా మండిపోతోందని ఏటా రాసేవాళ్లం. "రాసేది అదే బావా" అన్నాను. బావ తెల్లారకముందే వెళ్లి కరీంనగర్ వైపు దిబ్బ మీద కొమ్మ నాటాడు. ఆదిలాబాద్ వైపు దిబ్బను ఆ ఒడ్డు ఊరివాళ్లు పట్టారు. వాళ్లింట్లో ఒక ముసలవ్వ, కొడుకు, కోడలు.

చలి ముదిరాక ఒక ఆదివారం పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్లాను. ఉత్తరపు గాలి నీళ్ల మీదుగా వచ్చి నేరుగా గుడిసెకు తగులుతోంది. బావ గొంగడి కప్పుకుని పొయ్యి ముందు ముడుచుకుని ఉన్నాడు. పిల్ల ముక్కు కారుతోంది.

"చూడు తమ్మీ" అని అక్క అవతలి దిబ్బను చూపించింది. "వాళ్ల పొగ నిలవడి లేస్తుంది. మన పొగ పండుకుంటుంది."

నిజమే. అవతల వెనక ఎత్తయిన ఒడ్డు, ఒడ్డు మీద చెట్లు. ఉత్తరం గాలి అక్కడే ఆగిపోతోంది. పొద్దు పొడిచీ పొడవగానే ఎండ ఆ ఇసుక మీద పడుతోంది.

"కరీంనగర్ దిక్కు గింత చలి ఎట్లుంటదే?" అన్నాడు బావ.

"నన్నడుగుతవేంది? గాలినడుగు."

కొమ్మ మార్చడానికి లేదు. అత్త ఏ రోజైనా రావచ్చు. అక్క పిల్లను కొంగులో చుట్టుకుని పాయ దాటింది. ముసలవ్వ ముందు నవ్వింది. "చలి దిబ్బని మాది ఇడిసిపెట్టిన్రట గదా. ఇప్పుడేమొచ్చిందే?"

"తప్పైందే అవ్వా. జర పిల్లను పట్టు."

ముసలవ్వ పట్టుకుంది. ఆ రోజు నుంచి సాయంత్రం పిల్లను తీసుకుని అక్క అటే పోయి పడుకునేది. ఎండ బాగా ఎక్కాక ఇటు వచ్చి పాదులు చూసుకునేది. అందుకు బదులుగా ముసలవ్వ ఒకటే అడిగింది. "ఎండకాలం మాపటికి మేం మీ తానకొస్తం. ఈడ గాలి మెసలది."

కొన్నాళ్లకు అత్త వచ్చింది. పిల్లను చుట్టి తీసుకుపోవడానికి శాలువా కూడా తెచ్చుకుంది. మంచిర్యాల నుంచి నేనే వెంట వచ్చాను. గుడిసెలో బావ ఒక్కడే ఉన్నాడు.

"పిల్లేది?"

బావ అవతలి దిబ్బ వైపు చేయి చూపించాడు. అత్త చీర ఎత్తి పట్టుకుని, తిట్టుకుంటూ పాయలో దిగింది. అక్కడ పిల్ల గోనెసంచి మీద ఎండలో కూర్చుని జొన్నరొట్టె ముక్క చీకుతోంది. అత్త దాని పాదాలు పట్టి చూసింది. ముక్కు తుడిచి చూసింది. వీపుకు చెవి ఆనించింది. అక్క రెండడుగుల దూరంలో నిలబడింది, దగ్గరికి రాలేదు.

అత్త ఇసుకలో కూలబడింది. కాసేపటికి ఎండకు వీపు తిప్పుకుంది.

"గిది అద్లాబాద్ దిక్కేనా?"

"కాదు, బొంబాయి" అంది ముసలవ్వ.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అత్త నన్ను చూసి, "నువ్వేం నవ్వుతవ్? రాసేది నువ్వే గదా" అంది.

అంబలి తాగి, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి అత్త లేచింది. పిల్లను ఎత్తుకుంది. అక్క ముఖం పాలిపోయింది. అత్త పిల్లను అక్క చంకకు అందించి, శాలువా కూడా ఆమె భుజం మీదే వేసింది. "పాయ దాటేటప్పుడు తలకు కప్పు" అంది.

ఎండాకాలం ముసలవ్వ మాటే నిజమైంది. వాళ్ల దిబ్బ మీద ఆకు కదిలేది కాదు. మాపటికి రెండిళ్లవాళ్లూ మా దిబ్బ మీద కూర్చుని తర్బూజ కోసుకునేవాళ్లం. రెండింటిలో ఏది మంచిదని బావ, ముసలవ్వ కొడుకు వాదించుకునేవారు. నన్నడిగితే ఆదిలాబాద్ వైపుదే అనేవాణ్ని. కాయలు మా దిబ్బ మీదే బాగా వచ్చాయని బావ కోప్పడేవాడు. వచ్చిన మాట నిజమే. కానీ పిల్ల మొదటి అడుగులు వేసింది అవతలి ఇసుకలో.