బొట్టు గోడకెక్కిన రోజు

మా అక్క పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను ప్రసవాల గదిలో దుప్పట్లు మడత పెడుతున్నాను. అక్క అంటే తోబుట్టువు కాదు. నగర శివారున చందాపురలో ఉన్న మా ధర్మాసుపత్రికి శనివారాలు మాత్రం వచ్చి, రోగులకు ఒకరి నుంచి ఒకరికి జబ్బులు అంటకుండా ఏం చేయాలో చెప్పి వెళ్లే సలహాదారు. పెద్దాసుపత్రిలో నర్సుగా రిటైరయ్యాక, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి బస్సులో వచ్చేది. ఫోను పెట్టేసి, మడిచిన దుప్పట్లనే విప్పి మళ్లీ మడిచాను.

ఆమె రావడం కలలో మనిషి వచ్చినట్టే ఉండేది. చప్పుడుండదు. తలెత్తి చూస్తే కిటికీ దగ్గర లేత ఎండలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉండేది. "పని చూసేముందు గాలి చూడాలప్పా" అనేది. నాకు ఒళ్లు మండేది. సలహా చెప్పమని పిలిస్తే ఈవిడ గాలి చూస్తుందేమిటి!

ఒక ఏడాది దసరా తర్వాత, కాన్పయిన తల్లులకు వరసగా కుట్లు చీము పట్టాయి. ఒళ్లు కాలిపోయే జ్వరాలు. ట్రస్టు పెద్దలు కూర్చుని ప్రసవాల గది మూసేద్దామన్నారు. ఫ్యాక్టరీల చుట్టూ రేకుల షెడ్లలో ఉండే ఆడవాళ్లకు ఆ గది తప్ప వేరే దిక్కు లేదు.

"మూసేస్తే వాళ్లు ఏడికి పోతారప్పా? షెడ్డులోనే కంటారు. నాకొక శనివారం ఇయ్యండి," అంది అక్క.

ఆ శనివారం ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే మిషన్ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. గదంతా తెల్లటి ఆవిరి. అందులో ఆమె ఉన్నట్టూ లేనట్టూ మసకమసకగా కనిపించింది. ఆవిరి మిషన్ అన్నాక ఆవిరి రాదా అని మేమెవరమూ పట్టించుకోలేదు. మిషన్ చల్లారాక, తలుపు అంచున ఉన్న రబ్బరు మీద వేలు పోనిచ్చి, గోటితో ఒక బియ్యపు గింజ పైకి తీసింది. అక్షత! ఆయుధపూజ నాడు మా ఆయమ్మ తలుపు చుట్టూ పసుపు ముద్ద పూసి, బొట్లు పెట్టి, అక్షతలు అద్దింది. అదంతా ఎండి గట్టిపడింది. తలుపు బిగియక ఆవిరి లోపల నిలవడం లేదు. ఆ రోజు హారతి కళ్లకద్దుకున్న వాళ్లమే మేమంతా.

ఆయమ్మ గొల్లుమంది.

"ఏడవొద్దమ్మా. మొక్కింది తప్పు కాదు. బొట్టు గోడకు పెట్టు, మిషన్ని ఊరికే వదిలేయ్. దేవుడు ఆడా ఉండాడు," అని అక్క ఆమె తల నిమిరింది.

ఎవరు చేశారని పెద్దలు అడిగితే, "పండగ చేసినాది" అని నవ్వేసింది. రబ్బరు మార్చారు. తల్లులు మెల్లగా కోలుకున్నారు. గది మూతపడలేదు. కోప్పడకుండా కూడా మనుషులను మార్చవచ్చని నాకు చూపించింది ఆమే. ఇప్పుడు ఆమె మీద బెంగగా ఉంది, ఇంకెలా చెప్పాలో తెలియదు.

ఆఖరి చూపుకు ఆమె ఇంటికి వెళ్లాను. మా గదిలో కాన్పయిన తల్లులు కొందరు టెంపో మాట్లాడుకుని వచ్చారు. లోపలికి వెళ్లకుండా గేటు పక్కన కొళాయి దగ్గర ఆగి, వేళ్ల సందులు, గోళ్లు, మణికట్లు, అక్క నేర్పినట్టే నిదానంగా రుద్దుకుంటున్నారు.

"చూసి వెళ్లేటప్పుడు కదమ్మా కడుక్కునేది? వచ్చేటప్పుడు ఎందుకు?" అన్నారు ఇంటి పెద్దాయన.

"అక్క కాళ్లు ముట్టాల కదప్పా," అంది ఒక తల్లి.

తడి చేతులు దేనికీ తగలకుండా పైకెత్తి పట్టుకుని, నీళ్లు మోచేతుల మీదుగా కారుతుంటే, వాళ్లు ఒకరి వెనక ఒకరు లోపలికి నడిచారు.