మా అత్తగారి మోకాళ్ళ నొప్పి

ఆ మంగళవారం నేను ఆఫీసుకు వెళ్ళాను. తొమ్మిది రోజులుగా గుంటూరు ఆసుపత్రిలో ఉన్న మా అత్తగారికి కాస్త నయంగా ఉందని పొద్దున డాక్టరు చెప్పారు. మంగళగిరి వెళ్ళి ఆగిపోయిన పనులు చూసి మధ్యాహ్నానికి వచ్చేద్దామనుకున్నాను. కుర్చీలో కూర్చున్నానో లేదో మా ఆయన ఫోను చేశారు. "అమ్మ పోయింది" అన్నారు. బ్యాగు తీసుకుని మళ్ళీ గుంటూరు బయల్దేరాను.

ప్రత్తిపాడులో మా వీధి వాళ్ళనడిగితే ముందుగా ఆమె గొంతు గురించే చెబుతారు. మా మావయ్యగారు పోయాక మూడెకరాల మిరపా రెండెకరాల పత్తీ తనే చూసుకున్నారు. కాలువ గట్టు మీద నిలబడి పిలిస్తే అవతలి చేలో వాళ్ళు కూడా తలెత్తేవారు. కళ్ళంలో ఆరబోసిన కాయ ఎండిందో లేదో చూడాలంటే, గుప్పెడు తీసుకుని చెవి దగ్గర ఆడించి లోపల గింజల చప్పుడు వినేవారు. "ఇంకా రెండు ఎండలు కావాలి" అంటే రెండు ఎండలే. కాయలు పట్టిన చేతులు పసిపిల్లలకు తగిలితే మంట పుడుతుందని ఎవరి బిడ్డనైనా మోచేతులతోనే ఎత్తుకునేవారు. అరచేతులు రెండూ గాల్లో ఉండేవి, బిడ్డ మాత్రం ఆ మోచేతుల మధ్య నిశ్చింతగా నవ్వుతుండేది. పెళ్ళయిన కొత్తలో అది చూసి నవ్వుకున్నాను. నా బిడ్డను అలా ఎత్తుకున్నప్పుడు నవ్వు రాలేదు.

ఆమెకు ఒక మాట అలవాటు. "నా పేరు చెప్పు." ఎవరింటికో పేరంటానికి వెళ్ళడం నాకిష్టం లేకపోతే, "వెళ్ళకు. అత్తయ్య పంపలేదని నా పేరు చెప్పు" అనేవారు. మా ఆయన ఎవరికో మొహమాటపడి పంపు సెట్టు అరువిచ్చి ఇబ్బంది పడుతుంటే, "మా అమ్మ ఒప్పుకోవట్లేదని చెప్పరా" అనేవారు. అలా ఊళ్ళో సగం మందికి ఆమె గయ్యాళి. ఆ పేరు ఎందుకొచ్చిందో ఇంట్లో మాకు తెలుసు. అయినా తీసెయ్యడానికి మేమెవరం ప్రయత్నించలేదు. మాకది సుఖంగా ఉండేది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఆమె సంగతి చెప్పినట్టు కాదు.

నాకు పదమూడేళ్ళప్పుడు, కార్తీకమాసంలో మా ఊరివాళ్ళమంతా ట్రాక్టరు మీద వాడరేవు సముద్రానికి వెళ్ళాం. తమ్ముడికి తొమ్మిదేళ్ళు. "వాడి చెయ్యి వదలకు" అని మా అమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాం. తడిసిన పరికిణీ కాళ్ళకు చుట్టుకుంటుంటే సర్దుకోవడానికి చెయ్యి వదిలాను. అంతే. తర్వాత పడవలవాళ్ళు వాణ్ణి తెచ్చి ఇసుకలో పడుకోబెట్టారు. ఆ రోజు నుంచి మా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. వాడి ఫోటో కూడా గోడకు పెట్టలేదు. ఇంట్లో వాడి పేరే ఎత్తడం మానేశాం.

పెళ్ళయిన మొదటి ఏడు, కార్తీకంలో ఇక్కడివాళ్ళు కూడా సముద్రానికి బయల్దేరారు. నేను వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. మా అత్తగారు వచ్చి ఎదురుగా పీట వేసుకుని, "ఏంటమ్మాయ్?" అన్నారు. మొత్తం చెప్పాను, చెయ్యి వదలడం కూడా. ఆమె నన్ను ఓదార్చలేదు. నీ తప్పేముందిలే అని కూడా అనలేదు. చివరిదాకా విని, "లే, మొహం కడుక్కో" అన్నారు. బయటికి వెళ్ళి అందరి ముందూ తనకు జ్వరమనీ, కోడలు తోడుండాలనీ ప్రకటించారు. ఆ ఎండలో ముసుగేసుకుని సాయంత్రం దాకా పడుకున్నారు. మా ఆయనకు నా తమ్ముడు సముద్రంలో పోయాడని మాత్రమే తెలుసు. చెయ్యి సంగతి ఆమె ఒక్కరికే తెలుసు.

రెండేళ్ళ కిందట వేసవిలో అందరం కలిసి హైదరాబాదు వెళ్దామనుకున్నాం. మూడు రోజులు. మా అమ్మాయికి పదకొండు, అబ్బాయికి ఎనిమిది. అమ్మాయి నోటుబుక్కులో పేజీ చింపి ఏ రోజు ఎక్కడికో రాసింది. మొదటి రోజు చార్మినారు, మ్యూజియం. రెండో రోజు గోల్కొండ. మూడో రోజు ఎదురుగా ఎర్ర పెన్నుతో కింద గీత గీసి మరీ రాసింది, ఊరి చివర ఉన్న పెద్ద పార్కు పేరు. అక్కడ రంగుల రాట్నాలూ, జారుడుబండలూ, అలలొచ్చే కొలనూ ఉంటాయట. ఫోనులో ఆ కొలను వీడియో పెట్టి నా ముందుకు తోసింది. సైరను మోగగానే నీళ్ళు ఒక్కసారిగా లేచి, పిల్లలంతా కేరింతలు కొడుతున్నారు. నాకు ఆ కేరింతలు కేరింతల్లా వినపడలేదు. ఫోను బోర్లా పెట్టేశాను.

"పార్కు వద్దు" అన్నాను.

ఆ రాత్రి మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "అది సముద్రం కాదే, నడుం లోతు నీళ్ళు. చుట్టూ కాపలా ఉంటారు. ఎప్పుడో జరిగినదానికి పిల్లల సరదా ఆపుతామా?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. అదే నాకు మరీ కష్టంగా ఉంది.

మర్నాడు పొద్దున హాల్లో పంచాయితీ పెట్టింది మా అమ్మాయి. నాన్న సరేనన్నారు, తమ్ముడు సరేనన్నాడు, నువ్వొక్కదానివే వద్దంటున్నావు అంది.

"ఎందుకు వద్దో చెప్పమ్మా. కారణం చెబితే నేను ఒప్పుకుంటా. గొడవ చెయ్యను."

నోరు తెరిచాను. మాట రాలేదు. నాకు తమ్ముడుండేవాడని వాళ్ళకు తెలియదు. ఎక్కడ మొదలుపెట్టను? అది నా మొహం వంకే చూస్తోంది.

మా అత్తగారు కింద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నారు. కత్తిపీట మీంచి తల ఎత్తకుండానే, "మీ అమ్మనెందుకే నిలదీస్తావు? నేనే వద్దన్నా" అన్నారు.

"నువ్వా? ఎందుకు?"

"నా మోకాళ్ళు పడవు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ పార్కులో నేను తిరగలేను."

"నువ్వు రూములో ఉండొచ్చుగా నాయనమ్మా" అన్నాడు మావాడు.

"ఉండను. నన్నొక్కదాన్నీ గదిలో పడేసి మీరు ఊరేగుతారా? నేనూ హైదరాబాదు చూడాలి. నేను రాలేని చోటికి ఎవరూ వెళ్ళడానికి వీల్లేదు."

మా అమ్మాయి ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బయటికి వెళ్ళిపోయింది. వాడు ఏడుస్తూ దాని వెనకాలే వెళ్ళాడు. మా ఆయన తల్లి వంకా నా వంకా చూసి చొక్కా వేసుకున్నారు.

నేను కింద కూర్చున్నాను. "ఎందుకత్తయ్యా అలా అన్నారు?"

"నీకు మాట రాలేదు. నాకొచ్చింది."

"వాళ్ళు మీ మీద కోపం పెట్టుకుంటారు."

"పెట్టుకోనీ. నా మీద కోపం నాలుగు రోజులుంటుంది. నీ మీద అనుమానమైతే ఎన్నాళ్ళుంటుందో." బీరకాయ నా చేతిలో పెట్టారు. "ఇది చేదేమో చూడు."

నాలుగు రోజులు కాదు, ఆమె పోయేదాకా ఉంది ఆ కోపం.

గోల్కొండలో సంగతి మరీ పాడైంది. మేం కింద కూర్చుందామంటే ఆమె వినలేదు. కొంగు నడుముకు బిగించి, చెప్పులు చేత పట్టుకుని, ఆగి ఆగి మెట్లన్నీ ఎక్కేశారు. పైన గాలికి జుట్టంతా రేగిపోయి, "అమ్మో, ఎంత ఊరర్రా ఇది!" అని కేకేస్తే పక్కవాళ్ళు తిరిగి చూశారు. మా అమ్మాయి మాత్రం దూరంగా నిలబడింది.

"మోకాళ్ళన్నావుగా?" అంది, ఆమె దగ్గరికి వచ్చాక.

"మెట్లు వేరే, పార్కు వేరే."

"అబద్ధాలు చెబుతావు నువ్వు."

మా అత్తగారు నవ్వారు. "అవునే, చెబుతాను" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆ క్షణంలో నిజం చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. దాహంగా ఉందని సీసా మూత తీసి నీళ్ళు తాగాను.

అప్పటిదాకా మా అమ్మాయి నాయనమ్మ పక్కనే పడుకునేది. ఊరి నుంచి వచ్చాక మంచం మార్చుకుంది. ఆమె తాటిముంజలు గోటితో తీసి, పొర ఒలిచి గిన్నెలో పెడితే, "నాకొద్దు" అని పుస్తకంలో తల పెట్టేది. ఆ గిన్నె అక్కడే ఉండేది. కాసేపయ్యాక ఆమే తీసుకెళ్ళి మావాడికి పెట్టేవారు. వాడు తింటూనే, "నీ మోకాళ్ళ వల్లేగా మేం పార్కుకు వెళ్ళలేదు" అనేవాడు. "అవున్రా, పాడు మోకాళ్ళు" అనేవారు. రేపు చెబుదాం, పరీక్షలయ్యాక చెబుదాం అని నేను వాయిదా వేసుకుంటూ పోయాను. ఆమె ఒక్కసారి కూడా నాకు గుర్తుచెయ్యలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఇలా అనుకోవడం కూడా నా తప్పు ఆమె మీద వెయ్యడమే.

ఈ ఏడు కాయ కోతల్లో, కళ్ళంలో కాయ మీద కప్పే పట్టా సర్దుతూ కూలబడిపోయారు. పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. అంత గొంతు ఉన్న మనిషి ఆసుపత్రి మంచం మీద కళ్ళతో చూస్తూ ఉండిపోయారు. అయిదో రోజు మధ్యాహ్నం, గదిలో ఎవరూ లేనప్పుడు చెవి దగ్గరికి వంగాను.

"అత్తయ్యా, పిల్లలకు చెప్పేస్తాను. అంతా చెప్పేస్తాను."

ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా పట్టుకున్నారు. అది వద్దనో, చెప్పమనో నాకు తెలియలేదు. రెండుసార్లు అడిగాను. ఆ పట్టు అలాగే ఉంది. ఇప్పటికీ రోజూ ఆలోచిస్తాను, ఏమన్నారా అని.

ఆమె పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక చుట్టాలంతా వరండాలో కూర్చుని ఆమె సంగతులు చెప్పుకుంటున్నారు. ఎవరి పొలంలోనో ఎద్దును తరిమిన సంగతి, ఏ ఆఫీసరునో దులిపేసిన సంగతి. మావాడు ఉత్సాహంగా లేచి, "మా నాయనమ్మ మమ్మల్ని హైదరాబాదు పార్కుకు వెళ్ళనివ్వలేదు. మోకాళ్ళ నొప్పని చెప్పి గోల్కొండ మాత్రం ఎక్కేసింది!" అన్నాడు. అందరూ నవ్వారు. "అదీ ఆమె రకం" అన్నారెవరో. మా ఆయన కూడా నవ్వారు.

నవ్వనిది మా అమ్మాయొక్కతే. నేనూ నవ్వలేదు.

చుట్టాలు వెళ్ళిపోయాక పిల్లలిద్దరూ చాపలు చుడుతుంటే వాళ్ళ ముందు కూర్చున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు. చెప్పాను. సముద్రం, పరికిణీ, చెయ్యి, ఆ తర్వాత బీరకాయలు తరుగుతూ నాయనమ్మ చెప్పిన అబద్ధం. చెయ్యి సంగతి మా ఆయన కూడా అప్పుడే వినడం. ఆయన అలాగే గుమ్మంలో కూర్చుండిపోయారు.

మా అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "రెండేళ్ళమ్మా" అంది. "రెండేళ్ళు నేను నాయనమ్మ పక్కన పడుకోలేదు. నువ్వు చూస్తూనే ఉన్నావు." లేచి నాయనమ్మ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మావాడు చాప వదల్లేదు. చుట్టడం పూర్తిచేసి, "మామయ్య పేరేంటి?" అని అడిగాడు.

"శ్రీను" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.

"శ్రీను మామయ్య" అన్నాడు వాడు, బడిలో కొత్త మాట నేర్చుకున్నట్టు.

మా అమ్మాయి నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. అడిగినదానికి జవాబిస్తుంది. రోజూ నాయనమ్మ మంచం మీదే పడుకుంటోంది. దాని కోపం న్యాయమైనదే. ఈసారి దాన్ని మోయడానికి నా ముందు ఎవరూ లేరు. ఊళ్ళో ఆమెను గయ్యాళి అనుకున్నవాళ్ళు ఇది చదివితే ఏమనుకుంటారో నాకు తెలియదు. ఆమె వింటే మాత్రం, ఇవన్నీ నలుగురిలో ఎందుకే అని కసురుతారు.

పిల్లలకు చెప్పనిది ఇంకొకటుంది. హైదరాబాదు నుంచి తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం బస్సు ఊరు దాటుతూ ట్రాఫిక్కులో ఆగింది. చూస్తే నా కిటికీ పక్కనే ఆ పార్కు గేటు. నీళ్ళలోంచి వచ్చిన పిల్లలు తడిజుట్టుతో, తువ్వాళ్ళు కప్పుకుని బయటికి వస్తున్నారు. వాళ్ళలో ఒక కుర్రాడు, నుదుటికి జుట్టు అంటుకుపోయి వణుకుతున్నాడు. పక్కన అక్క కాబోలు, వాడి చెయ్యి పట్టుకుని ఉంది. నేను చూడలేను, తల తిప్పుకోనూలేను. ముందు సీట్లలో మా పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి ఉన్నారు. పక్క సీట్లో ఉన్న మా అత్తగారు నా వంక ఒకసారి చూసి, "జరుగు, నాకు గాలి ఆడట్లేదు" అని లేచి కిటికీ వైపు వచ్చి కూర్చున్నారు. కూర్చుని, కిటికీకి వీపు పెట్టి పూర్తిగా నా వైపు తిరిగారు. ఆ ఏడు పత్తి గింజలు ఎప్పుడు పెట్టాలో, పడమటి చేలో కంది వేస్తే ఎలా ఉంటుందో బస్సంతా వినపడేలా చెప్పడం మొదలుపెట్టారు. నాకు కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆమె చూడనట్టే చెబుతూ పోయారు. బస్సు కదిలింది, గేటు వెనకబడింది, ఊరే వెనకబడింది. అయినా చాలాదూరం ఆమె అలాగే కూర్చున్నారు, అద్దమంతా వీపుతో మూసేసి, రేగిన తెల్లజుట్టు చుట్టూ మధ్యాహ్నపు ఎండ పడుతుండగా.