మా లా ఫర్మ్ వార్త చదివిన అమ్మాయి

మా ఆఫీసు అసలు ఉన్నది కెనడాలో, టొరంటోలో. పెద్ద లా ఫర్మ్. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల విడిభాగాలు చేసే కంపెనీలకు సరిహద్దు నదికి అటు కెనడాలో, ఇటు అమెరికాలో పని పడుతూనే ఉంటుంది కాబట్టి, ఇటువైపు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక చిన్న బ్రాంచి పెట్టారు. అక్కడ నేను లాయర్ని కాను. ఫర్మ్ వార్తలు రాస్తాను. ఎవరు కొత్తగా పార్ట్‌నర్ అయ్యారు, కెనడాలో ఏ చట్టం మారింది, ఏ కోర్టు ఏం చెప్పింది ఇలాంటివి. లాయర్లు పంపే బరువైన పేరాలను మామూలు మనుషులు చదివేలా తిరగరాసి వెబ్‌సైట్‌లో పెట్టడం నా ఉద్యోగం.

అవి ఎవరైనా చదువుతారని నాకు పెద్దగా నమ్మకం ఉండేది కాదు. "నీకున్న రీడర్స్ ఇద్దరే. ఒకటి నువ్వు, రెండు మీ బాస్" అని మా ఆయన ఆటపట్టించేవాడు.

ఒక ఆదివారం మా తెలుగు చర్చిలో ఆరాధన ముగిసి, కింది హాల్లో భోజనాలు పెడుతుండగా, క్వయర్‌లో పాడే అమ్మాయి ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కాకినాడ వైపు పిల్ల. ఇక్కడే మాస్టర్స్ చేసి, కార్ల సీట్లు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. ఇక్కడ ఉద్యోగంలో కొనసాగడానికి కావలసిన హెచ్-వన్ వీసా లాటరీలో ఈసారి కూడా పేరు రాలేదని అందరికీ తెలుసు.

"అక్కా, ఇది మీరు రాసిందేనా?"

చూస్తే కెనడా వర్క్ పర్మిట్ల గురించి నేను పెట్టిన వార్త.

"నాదే. నీకెక్కడ దొరికింది?"

"మా రూమ్మేట్ వాట్సాప్ గ్రూప్‌లో షేర్ చేసింది. ఈజీ చేసేశారంట కదా! రేపు జాబ్‌కి రిజైన్ చేసి, అప్లై చేసేద్దాం అనుకుంటున్నా."

పిల్ల పొరబడింది. ఆ సౌకర్యం అప్పటికే హెచ్-వన్ చేతిలో ఉన్నవాళ్లకు. ఆ మాట వార్తలో ఉంది, కానీ కిందెక్కడో ఉంది. ఆశతో చదివేవాళ్లు అంతదూరం వెళ్లరు.

"రిజైన్ మాత్రం చెయ్యకు. నేను లాయర్ని కాదు కదమ్మా. అడగాల్సిన మనిషిని అడుగుదాం. ఒక్క వారం ఆగు" అన్నాను. సరేనంది గానీ, ప్లేట్లో అన్నం కెలుకుతూ కూర్చుంది.

మా బ్రాంచిలో ఇమిగ్రేషన్ పనులు చూసే లాయర్ కెనడా ఆయనే. అక్కడి సస్కాచెవాన్ రాష్ట్రంలో గోధుమ పొలాల మధ్య పెరిగాడు. మహా మొహమాటస్తుడు, మీటింగ్‌లో కూడా అవసరమైతే తప్ప నోరు విప్పడు. మర్నాడు ఆయనకు సంగతి చెప్పాను. అపాయింట్‌మెంట్ తీసుకోమంటాడనుకున్నాను.

"అలాంటివాళ్లు ఇంకా ఉన్నారా?" అని అడిగాడు.

"మా చర్చి నిండా ఉన్నారు."

"అయితే ఆదివారం నేనే వస్తాను."

చెప్పినట్టే వచ్చాడు. సూటు వేసుకుని, టై కట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా తెలుగు ఆరాధన మొత్తం వెనక వరసలో కూర్చున్నాడు. అందరూ లేచినప్పుడు లేచాడు, కూర్చున్నప్పుడు కూర్చున్నాడు. తరువాత కింది హాల్లో మాట్లాడించాం. కుర్రవాళ్లకు ఇంగ్లీషు సరిపోతుంది గానీ, పెద్దవాళ్లు ఊరుకోలేదు. "మాక్కూడా చెప్పమ్మా" అని నన్ను పక్కన నిలబెట్టి ప్రతి మాటా తెలుగులో చెప్పించుకున్నారు.

"కెనడాలో చలి ఇక్కడికంటే ఎక్కువా అని అడుగు" అంది ఒక ఆంటీ.

"నది దాటగానే ఉండే విండ్సర్‌లో అయితే మీకు తేడా తెలియదు. మా ఊళ్లో అయితే కనురెప్పల మీద మంచు పేరుకుంటుంది" అన్నాడాయన.

"అయ్యబాబోయ్, ఆయన ఊరు మాత్రం వద్దు!"

హాలంతా నవ్వింది. ఆయనకు ఎందుకో అర్థం కాక, నేను చెప్పాక, అందరికంటే ఆలస్యంగా నవ్వాడు.

ఆ అమ్మాయి వంతు వచ్చింది. ఆయన ఓపిగ్గా అన్నీ అడిగి, "ఈ దారి మీకు వర్తించదు" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. పిల్ల ముఖం వాడిపోయింది. ఆయన అక్కడితో వదల్లేదు.

"మీ కంపెనీకి విండ్సర్‌లో ప్లాంట్ ఉంది కదా?"

"ఉంది."

"అక్కడ ఖాళీలున్నాయేమో మేనేజర్ని అడిగారా?"

"లేదు. వీసా మాట ఎత్తితే జాబ్‌లోంచి తీసేస్తారేమోనని భయం."

"పోయిన వారం రిజైన్ చేద్దామనుకున్నారట. మానేయడానికి లేని భయం అడగడానికి ఎందుకు?"

నేను తెలుగులో చెప్పాను. వింటున్న ఒక పెద్దాయన, "అడుగు తల్లీ. మేమంతా ప్రార్థన చేస్తాం" అన్నారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. పార్కింగ్ లాట్‌లోంచి మాట్లాడుతోంది, వెనక కార్ల చప్పుడు.

"అక్కా, అడిగేశా!"

"ఏమన్నాడు?"

"'ముందే ఎందుకు చెప్పలేదు, అక్కడ క్వాలిటీ టీమ్‌లో మనిషి కోసం చూస్తున్నాం' అన్నాడక్కా!" అని ఏడ్చేసింది. నాక్కూడా కళ్లు చెమర్చాయి.

ఆ మాట కాగితం మీదికి రావడానికి చాలా నెలలు పట్టింది. చదువయ్యాక ఇక్కడ పనిచేయడానికి ఇచ్చిన గడువు దగ్గరపడుతుంటే క్వయర్ మొత్తానికి నిద్ర పట్టలేదు. చివరికి కెనడా వర్క్ పర్మిట్ వచ్చింది.

టొరంటో ఆఫీసు వాళ్లు చర్చి కార్యక్రమం గురించి ఆర్భాటంగా ఒక వార్త రాయమన్నారు. లాయర్ మాత్రం, "రెండు వాక్యాలు చాలు, నా ఫోటో వద్దు" అన్నాడు. అలాగే పెట్టాను. అప్పటినుంచి చట్టం మారిందని ఏ వార్త రాసినా, మొదటి వాక్యంలోనే అది ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో చెప్పేస్తున్నాను. వార్త అందం పోతోందని ఎవరో అంటే లాయరే నా పక్షాన సమాధానం రాశాడు.

అమ్మాయి విండ్సర్‌లో కుదురుకున్నాక మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఒక శనివారం నలుగురం ఆడవాళ్లం కారులో వంతెన దాటి వెళ్లాం. ఆమె ఫ్లాట్ కిటికీలోంచి చూస్తే నది, ఆవల డెట్రాయిట్ మేడలు.

"అక్కడున్నప్పుడు ఆ ఊరు ఇంత బాగుంటుందని తెలీలేదక్కా" అంది, చేపల పులుసు గిన్నె బల్ల మీద పెడుతూ.

కడుపునిండా తిని, పాత పాటలు పాడుకుని సాయంత్రం బయల్దేరాం. వంతెన ఇవతల బోర్డర్ ఆఫీసర్ పాస్‌పోర్టులు చూసి, కెనడా ఎందుకు వెళ్లారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే, చలి గురించి అడిగిన ఆ ఆంటీ వెనక సీట్లోంచి ముందుకు వంగి, "ఫిష్ కర్రీ సర్!" అంది.

"వెంట తెస్తున్నారా?"

"నో సర్. ఆల్ ఫినిష్డ్."

ఆయన నవ్వాపుకుంటూ పాస్‌పోర్టులు తిరిగిచ్చి, పొమ్మన్నాడు.