పోలమ్మప్ప సీసా మీద మూడు గీతలు

2015 జనవరి. కోటబొమ్మాళి సంత వీధిలో మందుల షాపు పక్కన రెండు గదుల ల్యాబ్. నేను అందులో టెక్నీషియన్‌గా చేరి అప్పటికి తొమ్మిదేళ్ళు. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, రక్తం తీసే చోటు. వెనక గదిలో మెషిన్లు. ఎదురుగా డాక్టరు గారి క్లినిక్. మా దగ్గరకి వచ్చేవాళ్ళలో సగం మంది ఆయన రాసిన చీటీ పట్టుకుని వస్తే, మిగతా సగం చీటీ గీటీ లేకుండా నేరుగా వచ్చి చెయ్యి చాపేవాళ్ళు. అలా చెయ్యి చాపేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే టెస్టు, సీరమ్ క్రియాటినిన్.

క్రియాటినిన్ అంటే మన కండరాల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలో పంపేస్తాయి. అవి సరిగా వడకట్టకపోతే రక్తంలో ఆ అంకె పెరుగుతుంది. మిగతా చోట్ల చదువుకున్నవాళ్ళకి కూడా ఈ మాట నోరు తిరగదేమో గానీ ఉద్దానం వైపు పిల్లాజెల్లా అందరికీ వచ్చు. కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ తట్టిన నేల అది. అక్కడ పెళ్ళి భోజనాల బంతిలో పక్కవాళ్ళు ‘నీదెంత?’ అని అడిగితే వయసు గురించి కాదు, క్రియాటినిన్ గురించి. మా పుట్టిల్లూ అటే. మా చిన్నాన్న ఆ జబ్బుతోనే పోయాడు.

పోలమ్మ మొదటిసారి వచ్చింది ఆ జనవరిలో ఒక సంత రోజున. యాభై దాటిన మనిషి, గట్టి ఒళ్ళు, అంతకన్నా గట్టి గొంతు. ఊరు నౌపడ అవతల సముద్రపు ఒడ్డున. ఎండు చేపల గంపతో పాసింజర్ రైలెక్కి ప్రతి సంతకీ వచ్చేది. గంప గుమ్మం బయట దించి లోపలికొచ్చి కూర్చుంది. ల్యాబంతా ఎండు నెత్తళ్ళ చేపల వాసన.

“మాయన్న కిడ్నీతో సచ్చిపోనాడమ్మా. మూడు నెలలైనాది. నాదీ ఒకపాలి సూసీయ్,” అంది.

చూశాను. 0.9 వచ్చింది. బాగుందని చెబితే నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. నాకు సిగ్గేసింది. అప్పటినుంచి ఆమెను పోలమ్మప్ప అని పిలవడం మొదలుపెట్టాను. మా వైపు అక్కని అప్ప అంటాం.

అక్కడితో ఆగితే బాగుండేది. ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చింది. ఈసారి 1.0. ఆరోజు బల్ల చుట్టూ జనం మూగి ఉన్నారు. “ఎంతొచ్చినాది?” అని వెనకనుంచి ఒకటే అరుపు. రిపోర్టు చేతిలో పెట్టి “ఒక్క పాయింటు పెరిగింది, పర్లేదులే అప్పా,” అన్నాను. అనేసి ఇంకొకరి సూది పనిలో పడ్డాను.

మార్చిలో 1.1. ఏప్రిల్‌లో 1.3. మా కంప్యూటర్‌లో ఒక ఏర్పాటు ఉంది. మామూలు హద్దు దాటిన అంకె పక్కన నల్లగా, లావుగా హెచ్ అనే అక్షరం అచ్చు వేస్తుంది, హెచ్చుగా ఉందని. పోలమ్మప్పకి చదువు రాదు గానీ అంకెలు వచ్చు, ఆ హెచ్ కూడా వచ్చు. అన్నయ్య రిపోర్టుల నిండా అదే కదా చూసింది. కాగితం మడిచి బొడ్లో దోపుకుని, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. డాక్టరు గారికి చూపించమని వెనకనుంచి కేక వేశాను. వినిపించుకోలేదు. నేనూ లేచి వెళ్ళి ఆపలేదు.

మే నెల వచ్చింది. మా దగ్గర మే ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఉదయం పదింటికే వీధిలో కాలు పెట్టలేం. ఆ ఎండలో స్టేషన్ నుంచి నడుచుకుంటూ వచ్చింది. గంప లేదు.

నాకు నోరు ఎక్కువని మా ఆయన అంటాడు. అబద్ధమేం కాదు. “ఏటప్పా, మళ్ళీ వచ్చేసినావా? నీ రక్తమంతా నా ట్యూబుల్లోనే ఉన్నట్టుంది. గంపేది?”

“మా మరదలికిచ్చీసినాను. సంతలో నా సోటు కూడా దానికే ఇచ్చీసినాను. ఇంక నానెక్కడ ఉంటాను తల్లీ.”

ఆ మాట చాలా మామూలుగా అంది. చెయ్యి చాపింది. టోర్నికే, అంటే నరం పైకి లేవడానికి జబ్బకి కట్టే రబ్బరు పట్టీ, బిగించి కట్టాను. నరం లేవలేదు. జనవరిలో కళ్ళు మూసుకుని సూది దింపేంత మంచి నరం అది. ఇప్పుడు వేలితో ఎంత వెతికినా దొరకదు. రెండుసార్లు గుచ్చితే మూడోసారికి చిక్కింది. పెదాలు పగిలి ఉన్నాయి. చర్మం పట్టుకుని వదిలితే ముడత అలాగే నిలబడింది. కంగారు నాకు అప్పుడు మొదలైంది.

రక్తం గడ్డకట్టాక ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి గిర్రున తిప్పితే పైన పసుపుపచ్చగా సీరమ్ తేలుతుంది. దాన్నే మెషిన్‌కి ఇస్తాం. 1.5 చూపించింది. అదే సీరమ్ మళ్ళీ పెట్టాను. 1.4. ఒకే రక్తం, ఒకే మెషిన్, పది నిమిషాల తేడా, రెండు అంకెలు. మెషిన్‌కి అది మామూలే. ఆ ఒక్క పాయింటు తేడాకే కదా ఫిబ్రవరిలో నేను ‘పెరిగింది’ అన్నాను! అది గుర్తొచ్చి నా నోరు నేనే కొట్టుకోవాలనిపించింది. కానీ ఇప్పుడు వచ్చింది ఒక్క పాయింటు తేడా కాదు. నిజంగానే పెరిగింది.

మూత్రం కూడా చూద్దామని డబ్బా ఇచ్చాను. చాలాసేపటికి బయటికొచ్చి ఖాళీ డబ్బా తిరిగిచ్చింది.

“రాదమ్మా. పొద్దున కూసింతే వచ్చినాది, టీ రంగులో.”

“నీళ్ళు తాగతన్నావా అప్పా?”

“తాగతన్నాను. కొలిసే తాగతన్నాను,” అని చేతిసంచిలోంచి ఒక పాత కూల్‌డ్రింకు సీసా తీసి బల్ల మీద పెట్టింది, తప్పేమీ చెయ్యలేదు చూడు అన్నట్టు.

ఆ సీసా మీద గోళ్ళరంగుతో గీసిన మూడు ఎర్ర గీతలున్నాయి. ఒకదాని కింద ఒకటి.

“ఇదేటి?”

“మాయన్నకి డయాలిసిస్ సేసినప్పుడు పెద్దాస్పత్రి డాక్టరు సెప్పినాడు, రోజుకి ఇంతే నీలు తాగాలని. నానే గీత గీసి పట్టినాను. దాహం దాహం అని ఏడిసినా ఇచ్చినాను కాదు.” కింది గీత మీద వేలు పెట్టింది. “ఆ కొలతే ఇది. నువ్వు ఒక్క పాయింటు పెరిగినాదన్నప్పుడు పైది గీసినాను. మల్లీ పెరిగినాదంటే మజ్జది. ఆ హెచ్ వచ్చినప్పుడు ఈ కిందకి వచ్చీసినాను. పప్పు మానీసినాను. సేపలూ మానీసినాను. అన్నీ సరిగ్గానే సేసినానమ్మా. అయినా పెరుగుతన్నాది.”

కిడ్నీలు పూర్తిగా పోయి మూత్రం రానివాళ్ళకి నీళ్ళు కొలిచి ఇస్తారు, తాగిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి. ఆ పథ్యం ఈమె మంచి కిడ్నీలతో పాటించింది. మండే ఎండల్లో, నడినెత్తిన గంపతో, రోజుకి అరలీటరు నీళ్ళతో. దాహానికి కిడ్నీలు ఎండి అంకె పెరిగింది. అంకె పెరిగిందని ఇంకా తగ్గించి తాగింది. నేను నెలనెలా ఒక కాగితం ఇచ్చాను, ఆమె నెలనెలా ఒక గీత కిందకి దిగింది. ఇంకో నెల ఇలాగే సాగితే లేని జబ్బు నిజంగా వచ్చి కూర్చునేది.

చెయ్యి పట్టుకుని ఎదురుగా డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అంతా విని, ముందు నావైపు చూశారు. నేను తలవంచుకున్నాను. పోలమ్మప్పతో మాత్రం నెమ్మదిగా మాట్లాడారు. “మీ అన్న మందు మీ అన్నకి. నీకు కాదు. దాహమేసినప్పుడల్లా తాగు, అన్నీ తిను. వారం తర్వాత ఒక్కసారి చూద్దాం. ఆ తర్వాత నేను చీటీ రాస్తేనే టెస్టు. ఏమ్మా, నువ్వూ విన్నావా?” ఆ చివరి మాట నాకు. ఆ సాయంత్రం దాకా క్లినిక్‌లో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు.

నేను ల్యాబుకి వచ్చి ఆ సీసా తీశాను. స్లైడ్లకి రంగులు వేసే పనికి మా దగ్గర అసిటోన్ ఉంటుంది. దూదిని అందులో తడిపి గట్టిగా రుద్దాను. ప్లాస్టిక్ కాస్త మసకబారింది గానీ గీతలు మూడూ పోయాయి. నిండా నీళ్ళు పట్టి క్లినిక్‌కి తీసుకెళ్ళి ఆమె తలగడ పక్కన పెట్టాను. సీసాని అటూ ఇటూ తిప్పి చూసుకుని “ఓలమ్మో, ఏటిది, అన్నీ సెరిపీసినావా?” అని ఏడ్చింది. అన్నయ్య పోయినప్పుడు ఏడవలేదట. దాహమని అడిగితే నీళ్ళు ఇవ్వలేదన్న బాధ గొంతులో అలాగే ఉండిపోయిందట.

వారం తర్వాత వచ్చింది. గంపతోనే వచ్చింది. మరదలితో పోట్లాడి మరీ వెనక్కి తీసుకుందట. నరం ఒక్క గుచ్చుకే చిక్కింది. 0.9. డాక్టరు గారు నవ్వి పంపేశారు.

ఆమె పోలేదు. మళ్ళీ మా ల్యాబుకే వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంది.

“మీదే ఊరు తల్లీ?”

చెప్పాను.

“ఉద్దానం ఆడగుంటవేనా! మరి నీదెంత?”

“నాకేం అప్పా, గుండ్రాయిలా ఉన్నాను.”

“గుండ్రాయి సంగతి కాదు. ఎంత?”

తొమ్మిదేళ్ళు. రోజూ చేతిలో సూది, వెనక గదిలో మెషిన్. ఒక్కసారి కూడా నా రక్తం తీసుకోలేదు. తీరిక లేదని అనుకునేదాన్ని. చిన్నాన్న కాళ్ళవాపు, ఆ వాసన, చివరి నెలలు నాకు తెలుసు కాబట్టే తీరిక లేదు. అదంతా ఆమెతో చెప్పేశాను, అప్పటిదాకా ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

“బాగుంది,” అంది పోలమ్మప్ప. “నాను నెలకోపాలి వచ్చి భయపడితే తిట్టినావు. నువ్వేమో ఒక్కపాలీ రాకుండా భయపడతన్నావు. పట్టు, ఆ పట్టీ నాను కడతాను.”

కట్టింది. చేపల గంపకి తాడు బిగించినట్టే కట్టింది. కుడిచేత్తో నేనే నా ఎడమచేతి నుంచి తీసుకున్నాను. అరగంట గడ్డకట్టాలి, తర్వాత సెంట్రిఫ్యూజ్. ఆ శబ్దం నేను వేలసార్లు విన్నాను గానీ అంతసేపు ఎప్పుడూ అనిపించలేదు. సంత టైము దాటిపోతున్నా ఆమె కదల్లేదు.

1.6. మళ్ళీ పెట్టాను. 1.6.

ఆమె నా మొహం చూసింది. మసకబారిన సీసా నా ముందుకి తోసింది. “నీలు తాగలేదేమోలే. తాగు. మూడ్రోజులు పోయాక సూద్దుం.”

తాగాను. మూడు రోజుల తర్వాత కూడా 1.6 వచ్చింది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది, బీపీ ఉంది. నాకు ఏ బాధా లేదు, నొప్పి లేదు, వాపు లేదు. విశాఖలో కిడ్నీ డాక్టరు చూసి, త్వరగా వచ్చావమ్మా అన్నారు. బీపీ మాత్ర ఇచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు, నడుంనొప్పికి నేను ఇష్టమొచ్చినట్టు మింగే మాత్రలు ఇంక ముట్టుకోవద్దన్నారు. ఇంటికొచ్చి రెండు రోజులు సెలవు పెట్టాను. మూడోరోజు పనిలోకి వెళ్ళాను.

ఇది జరిగి నాలుగేళ్ళు. టెస్టు మంచిదా చెడ్డదా అని నన్ను ఎవరైనా అడిగితే నేను తిన్నగా జవాబు చెప్పలేను. ఒకే మెషిన్ ఒకామెను చావు దాకా తీసుకెళ్ళబోయింది, నన్ను చావు దారిలోంచి పక్కకి లాగింది. ఇప్పుడు చీటీ లేకుండా చెయ్యి చాపినవాళ్ళని ముందు కూర్చోబెట్టి అడుగుతాను, ఎందుకు, ఇంట్లో ఎవరికి వచ్చింది, నీళ్ళు ఎన్ని తాగుతున్నావు, ఏ మాత్రలు మింగుతున్నావు అని. ‘పెరిగింది’ అనే మాట డాక్టరు నోటినుంచి రావాల్సిందే తప్ప నా నోటినుంచి రాదు. జనం విసుక్కుంటారు. విసుక్కోనీ.

పోలమ్మప్ప ఏడాదికి ఒక్కసారి, డాక్టరు గారి చీటీతో టెస్టుకి వస్తుంది. నేను మూడు నెలలకోసారి నాది చూసుకుంటాను. ప్రతి సంత రోజూ మాత్రం ఆమె గంప దించకుండానే గుమ్మంలోంచి తల లోపలికి పెడుతుంది. ఎంత మంది ఉన్నా లెక్కచెయ్యదు.

“ఏటే గుంటా, నీదెంత?”

“అంతే ఉన్నాది అప్పా.”

“అంతే ఉంటే సాలు,” అని, నెత్తళ్ళో నెత్తళ్ళని కేకేసుకుంటూ వెళ్ళిపోతుంది.