అచ్చులోని ఎర్ర పోగులు

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం పూండి చెరువు గట్టు దాటి తిరుత్తణి వైపు సైకిలు తొక్కుతున్నాను. ఎత్తు ఎక్కుతుండగా చెయిన్ కవరు ఊడి పెడల్‌కు తగలడం మొదలైంది. దిగి దాన్ని తిట్టుకుంటూ నిలబడ్డాను.

ఎదురుగా ఒక నేత మనిషి సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. క్యారియర్‌కు దువ్వెనలాంటి మగ్గం అచ్చు కట్టి ఉంది. దాని పళ్ల నిండా, నేసిన బట్ట కోసుకోగా మిగిలిన ఎర్ర పోగులు, గుత్తులుగా ముడేసి, జానెడు పొడవున వేలాడుతున్నాయి.

"ఇవి ఎందుకన్నా కోసేయకుండా ఉంచినావు?" అని అడిగాను.

"ఈ కొనలకే గదా సామీ, కొత్త పడుగు పోగుపోగూ అతికేది. షావుకార్లు ఎవురన్నా పడుగు ఇస్తే అతికించుకుందామని అచ్చు ఎత్తుకోని తిరుత్తణికి పోయినాను. ఎవురూ ఈలేదు. అంతా పవర్‌లూమే అంటాండారు."

మాట్లాడుతూనే నా చెయిన్ కవరు వైపు వంగి చూశాడు. తిరిగి వెళ్లి అచ్చులోంచి గుప్పెడు పోగులు లాగేశాడు.

"అయ్యో, వద్దన్నా! రేపు పడుగు దొరికితే?"

ఆయన నా సైకిలు పక్కన కూర్చున్నాడు. పోగులు పేనాడు, కవరును ఫ్రేముకు బిగించి కట్టాడు, పెడల్ ఒకసారి తిప్పి చూశాడు.

"ఇంక తగలదు. పో సామీ."

ఆ సైకిలు నా దగ్గర ఉన్నన్నాళ్లూ ముడి ఊడలేదు. దాన్ని చూస్తే ఆయన అచ్చు గుర్తొచ్చేది; ఊడితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.